పతకాల వరుస ఎవరిది? గ్రహీతను గుర్తించడంలో అపోహలు – వాస్తవాలు

ఒకే బార్‌కు (ఛాతీకి తగిలించుకునే పట్టీకి) వరుసగా కుట్టిన నాలుగైదు సైనిక పతకాలను ముందు పెట్టి, ఇవి ఎవరివో చెప్పమని అడిగేవారు వెంటనే ఒక పేరు వస్తుందని ఆశిస్తారు. ఈ పనిలో పేరు చివరికి వస్తుంది. దానికంటే ముందు, ఇవి ఎవరివి అయ్యే వీలు లేదో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. నేను ఎక్కువగా చూసేవి బ్రిటిష్, బ్రిటిష్ ఇండియా సైన్యాల పతకాలు కాబట్టి, వాటి విషయంలో తరచు వినిపించే అపోహలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: అసలైన పతకం మీద గ్రహీత పేరు తప్పకుండా ఉంటుంది.

వాస్తవం: మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఈ మాట చాలావరకు నిజమే. 1914 స్టార్, 1914–15 స్టార్‌ల (నక్షత్రాకారపు పతకాల) వెనుక వైపున, బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్‌ల అంచు మీద సైనికుని నంబరు, హోదా, పేరు, దళం ముద్రించి ఇచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధపు స్టార్‌లను మాత్రం బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే ఇచ్చింది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తమ వారికి పేర్లు వేయించి ఇచ్చాయి. మిలిటరీ క్రాస్ వంటి శౌర్య పురస్కారాన్ని కూడా అధికారికంగా పేరు లేకుండానే ప్రదానం చేసేవారు. కాబట్టి పేరు లేనంత మాత్రాన పతకం నకిలీ కాదు. బ్రిటిష్ సైనికుని ఆఫ్రికా స్టార్ వెనుక అందమైన అక్షరాలతో పేరు చెక్కి ఉంటే, అది కుటుంబమో, తరువాత కొన్నవారో చెక్కించినది. ఆధారంగా పనికి వస్తుంది గాని రుజువు కాదు.

అపోహ: అంచు మీద పేరు దొరికితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. ముందుగా ఆ పేరు మొదటినుంచీ అక్కడ ఉన్నదేనా అని చూడాలి. పాత పేరును అరగదీసి కొత్తది వేసినప్పుడు అంచు లోహం కొంత పోతుంది. బ్రిటిష్ వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. కాలిపర్‌తో నాలుగైదు దిక్కుల్లో కొలిచినప్పుడు ఒకచోట తగ్గుదల కనిపిస్తే అనుమానించాలి. భూతద్దం కింద చూస్తే అక్షరపు అచ్చుతో (పంచ్‌తో) కొట్టిన అక్షరం చుట్టూ లోహం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, ఉలితో చెక్కిన అక్షరం అంచులు మెరుస్తూ కోసినట్టు ఉంటాయి. ఒక నిర్దిష్ట పతకానికి, ఒక నిర్దిష్ట దళానికి ఈ రెంటిలో ఏ పద్ధతి వాడేవారో తెలిసి ఉండాలి.

పేరు అసలైనదే అయినా నంబరు మోసగించవచ్చు. 1920కి ముందు బ్రిటిష్ సైన్యంలో నంబర్లు రెజిమెంట్ వారీగా ఉండేవి; ఒకే నంబరు వేర్వేరు దళాల్లో వేర్వేరు మనుషులకు ఉండేది. 1917లో టెరిటోరియల్ దళాల (పార్ట్‌టైమ్ స్వచ్ఛంద సైన్యం) పదాతి సైనికులకు ఆరు అంకెల కొత్త నంబర్లు ఇచ్చారు. అందువల్ల ఒకే మనిషి స్టార్ మీద నాలుగు అంకెల నంబరు, వార్ మెడల్ మీద ఆరు అంకెల నంబరు ఉండటం జరుగుతుంది. ఆ తేడా చూసి, రెండు వేర్వేరు మనుషుల పతకాలను కలిపారని తీర్పు చెప్పినవారిని చాలామందిని చూశాను.

ఆఫీసర్ల విషయం మరింత చిక్కు. వారి వార్ మెడల్ మీద నంబరూ ఉండదు, దళం పేరూ ఉండదు. హోదా, పేరు మాత్రమే. సాధారణమైన ఇంటిపేరు ఉన్న లెఫ్టినెంట్‌కు స్టార్ లేకపోతే, కేవలం అంచును బట్టి ఆయనను గుర్తించలేము. యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు ఇచ్చిన కంచు ఫలకం ఇంకా మొండిది. మరణంలో హెచ్చుతగ్గులు ఉండరాదని దాని మీద హోదా కూడా వేయలేదు.

అపోహ: ఒకే బార్‌కు కుట్టి ఉన్నాయంటే ఒక్కరివే.

వాస్తవం: దారం ఎవరైనా కుట్టవచ్చు. తండ్రివీ కొడుకువీ కలిసిపోయిన వరుసలు కొన్నయితే, అమ్మకం కోసం కలిపినవి మరికొన్ని. నిబంధనలే కొన్నిసార్లు గుట్టు బయటపెడతాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెంటికీ అర్హత ఉన్నవారికి ఒక స్టార్, దాని రిబ్బన్‌పై రెండవదాని పేరుతో క్లాస్ప్ (చిన్న లోహపు పట్టీ) మాత్రమే ఇచ్చేవారు. ఆ రెండు స్టార్‌లూ పక్కపక్కన వేలాడుతుంటే ఏదో ఒకటి బయటినుంచి వచ్చిందన్నమాట. మరోవైపు, కలిసి ఉన్నాయనడానికి లోహమే సాక్ష్యం చెబుతుంది. ఏళ్ల తరబడి ధరించిన వరుసలో స్టార్ మొనలు పక్కనున్న వెండి పతకానికి తగిలి చిన్న గుంటలు పడతాయి. 1882 నాటి ఈజిప్ట్ మెడల్ మీద, పక్కన వేలాడే ఖెదీవ్ స్టార్ (ఈజిప్ట్ పాలకుడు ఖెదీవ్ ఇచ్చిన పతకం) చేసిన గుంటలు ప్రసిద్ధమైనవి. ఆ గుంటలు లేకుండా నిగనిగలాడే ఈజిప్ట్ మెడల్ పక్కన బాగా అరిగిన స్టార్ ఉంటే, నేను మళ్లీ ఒకసారి చూస్తాను.

అపోహ: ఒక్క పేరూ లేని వరుసను ఎవరికీ ఆపాదించలేము.

వాస్తవం: ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఒక వరుసను ఊహించండి: ఆరవ జార్జ్ కాలపు డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్, 1939–45 స్టార్, ఎనిమిదవ సైన్యపు క్లాస్ప్‌తో ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, వార్ మెడల్, 1937 పట్టాభిషేక పతకం, టెరిటోరియల్ ఎఫిషియెన్సీ డెకరేషన్. ఎక్కడా పేరు లేదు. అయితే 1938 నుంచి ఈ వరుసలో మొదటిదైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ వెనుక ప్రదాన సంవత్సరం చెక్కేవారు. ఇక్కడ 1943 అని ఉందనుకుందాం. ఆ ఏటి లండన్ గెజెట్ (బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక)లోని ప్రకటనలే మన మొదటి జాబితా. చివరి పతకం వల్ల ఆయన టెరిటోరియల్ ఆఫీసర్ అని తేలుతుంది, దాంతో రెగ్యులర్ ఆఫీసర్లందరూ తప్పుకుంటారు. పట్టాభిషేక పతకం పొందినవారికి వేరే రోల్ (గ్రహీతల జాబితా) ఉంది; అందులో లేని పేర్లను కొట్టివేయాలి. ఎనిమిదవ సైన్యపు క్లాస్ప్ 1942 అక్టోబర్ 23కూ 1943 మే 12కూ మధ్య ఆ సైన్యంలో ఉన్నవారికే దక్కింది. ఇటలీ స్టార్ కాలం 1943 జూన్ 11న మొదలవుతుంది. ఏ ఒక్క పతకమూ అరుదైనది కాకపోయినా, ఇవన్నీ ఒకేచోట కలిసిన మనుషులు చాలా కొద్దిమంది.

అపోహ: సర్వీసు రికార్డు కాలిపోతే దారులన్నీ మూసుకుపోయినట్టే.

వాస్తవం: 1940 సెప్టెంబర్ బాంబుదాడిలో మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల రికార్డులు సగానికి పైగా కాలిపోయాయి. కాని పతకాల రోల్స్, ఇండెక్స్ కార్డులు మిగిలాయి. రోల్స్ నేటికీ లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి; కార్డుల నకళ్లను కూడా అక్కడ చూడవచ్చు.

అపోహ: నివేదికలో "బహుశా" అని ఉంటే పరిశోధన విఫలమైనట్టే.

వాస్తవం: పై వరుసకు చివరకు ఇద్దరు ఆఫీసర్లు మిగిలారనుకుందాం. ఇద్దరి పేర్లూ రాసి, ఎవరి వైపు ఎందుకు మొగ్గు ఉందో చెప్పడమే నిజాయితీ గల ఫలితం. ఇష్టమైన పేరును ఎంచుకుని అచ్చు వేయిస్తే, తరువాతి అమ్మకంలో అదే నిజమై కూర్చుంటుంది. నేనైతే ఆ ఇద్దరి ఫొటోల కోసం వెతుకుతాను. యూనిఫాం మీద పతకాలకు బదులు రిబ్బన్లు మాత్రమే ధరించినప్పుడు, ఎనిమిదవ సైన్యపు క్లాస్ప్ ఉన్నవారి ఆఫ్రికా స్టార్ రిబ్బన్‌పై చిన్న "8" అంకె ఉంటుంది. ఆ అంకె ఎవరి రిబ్బన్‌పై కనబడుతుందో, ఎవరి మీద మన వరుసలో లేని రిబ్బన్ అదనంగా ఉందో చూస్తే, ఇద్దరిలో ఒకరు తప్పుకోవచ్చు.