పెద్ద కార్డు పీకేసినా నెట్ ఎందుకు పోలేదు?

ప్రియమైన చిట్టికీ, బన్నీకీ,

మల్లేశ్వరం నుంచి తాతయ్య దీవించి రాసేది. మీ వాయిస్ మెసేజ్ విన్నాను. వైట్‌ఫీల్డ్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చిన మీ నాన్న ఇడ్లీ తింటూ, "నడుస్తున్న స్విచ్‌లోంచి పెద్ద కార్డు పీకేశాను, ఎవరికీ నెట్ పోలేదు" అన్నాడట. నిజమా, కోతలా అని మీ అనుమానం. నిజమే.

ఇది లైటు వేసే స్విచ్ కాదు, కంప్యూటర్లని వైర్లతో ఒకదానికొకటి కలిపే పెట్టె. పెద్ద ఆఫీసుల్లో వాడే స్విచ్‌లో అరలుంటాయి, ఒక్కో అరలో ఒక్కో కార్డు. చాలా కార్డులు వైర్లు గుచ్చడానికి. రెండు మాత్రం పెత్తనానికి. వీటిని ఒక కంపెనీ సూపర్‌వైజర్ అంటుంది, ఇంకొకటి మేనేజ్‌మెంట్ మాడ్యూల్ అంటుంది. పెత్తనం ఒక సమయంలో ఒకదానిదే, మీ నాన్న పీకిన పెద్ద కార్డు అదే. రెండోది పక్కనే కనిపెట్టుకుని ఉంటుంది.

పెళ్లి వంట తలుచుకోండి. గాడిపొయ్యి దగ్గర పెద్ద వంటాయన ఉంటాడు. పంక్తిలో వడ్డించే కుర్రాళ్లు ప్రతి గరిటెకీ పరిగెత్తుకెళ్లి ఆయన్ని అడగరు కదా! ఏ వరసకి పులిహోర, ఏ వరసకి సాంబారు అన్నది ముందే చెప్పి పంపుతాడు. వైర్ల కార్డులూ అంతే. ఏ చిరునామాకి ఏ దారి అన్న పట్టిక పెద్ద కార్డు ముందే రాసిచ్చేస్తుంది. మీ నాన్న చూసే రకం స్విచ్‌లో పెద్ద కార్డు కాసేపు లేకపోయినా, చేతిలో ఉన్న పట్టికతోనే అవి ప్యాకెట్లు, అంటే నెట్‌లో వెళ్లే సమాచారపు చిన్న చిన్న ముక్కలు, పంపేస్తుంటాయి. బకెట్లో సాంబారు ఉన్నంతసేపు వడ్డన ఆగదు.

మా చిన్నత్త పెళ్లి మదనపల్లె దగ్గర మా ఊళ్లోనే జరిగింది. నేను ఆడుకోవడం మానేసి పొయ్యి దగ్గరే కూర్చున్నాను, ఉడికిన బంగాళాదుంప ఒకటి చేతిలో పడకపోతుందా అని. పెద్ద వంటాయన గుండిగలో ఉప్పు వేసినప్పుడల్లా, ఆయన కింద వంట చేసే చిన్నాయన బొగ్గుముక్కతో గోడ మీద ఒక గీత గీసేవాడు. ఇంకో పని లేదా ఇతనికి అనుకున్నాను. మొదటి బంతి సగంలో ఉండగా పెద్దాయనకి పొగ పట్టి కళ్లు తిరిగాయి. వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. చిన్నాయన గరిటె అందుకుని ముందు గోడ వైపు చూశాడు. గీతలు లెక్కపెట్టుకుని, ఇంకో పిడికెడు వేసి కలిపాడు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లకి ఏం జరిగిందో తెలియనే తెలియదు.

స్విచ్‌లో కిటుకంతా ఆ గీతల్లోనే ఉంది. పాత పద్ధతిలో రెండో కార్డు ఊరికే సగం నిద్రలో ఉండేది. సిస్కో కంపెనీ వాళ్ల క్యాటలిస్ట్ 6500 అనే స్విచ్‌లో ఆ పద్ధతి పెడితే, మొదటిది పోయాక రెండోది పూర్తిగా లేచి, వైర్ల కార్డుల్ని కూడా మళ్లీ లేపి కూర్చోబెట్టేసరికి 2 నుంచి 4 నిమిషాలు పట్టేది. ఆ తర్వాత, మొదటిది చేసే ప్రతి మార్పునీ అప్పటికప్పుడు రెండోదానికి రాసిచ్చే పద్ధతి వచ్చింది. దాంతో అది 3 సెకన్ల లోపుకి దిగింది. రెండు కార్డుల మధ్యా ఎప్పుడూ హార్ట్‌బీట్, అంటే "నేనున్నాను" అనే చిన్న కబురు, నడుస్తుంటుంది. అది ఆగితే రెండోది గరిటె అందుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి నేనే పెద్ద అనుకుంటే? ఉప్పు రెండుసార్లు పడుతుంది. అందుకే ఎప్పుడూ ఒక్కరి మాటే చెల్లేలా కట్టుదిట్టం ముందే చేసి పెడతారు.

బయట పాలు, కూరగాయలు పంపేవాళ్లకీ కబురు పెట్టాలిగా. స్విచ్‌కి వాళ్లెవరంటే పక్క రౌటర్లు, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపే పెట్టెలు. ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో ఇవి మామూలుగా 10 సెకన్లకోసారి ఒకదానికొకటి హలో చెప్పుకుంటాయి. 40 సెకన్లు హలో వినిపించకపోతే ఆ దారి మూసేస్తాయి. కొత్తగా గరిటె పట్టిన కార్డు "సర్దుకుంటున్నాను, కాస్త ఓపిక పట్టండి" అని వాటికి చెప్పుకునే పద్ధతి 2003లో ఖాయమైంది.

ఒక్క చిక్కుంది. పెద్దాయన ఉప్పుకి బదులు పంచదార వేస్తే గోడ మీద గీత మాత్రం పడుతుంది. తప్పు సెట్టింగ్ ఇచ్చినా అది శ్రద్ధగా రెండో కార్డులోకి కాపీ అయిపోతుంది. ఇద్దరున్నారు కదా అని ధీమాగా కూర్చోకూడదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేరిన కొత్తలో సీనియర్లు చెప్తుంటే నోరు తెరుచుకుని విన్న సంగతి ఒకటి. 1965లో అమెరికాలో మొదలైన నంబర్ 1 ఈఎస్ఎస్ అనే ఎక్స్ఛేంజ్‌లో రెండు ప్రాసెసర్లూ ఒకే పని ఒకేసారి చేస్తూ, ఒకదాని జవాబు ఒకటి సరిచూసుకునేవి. 40 ఏళ్లలో అంతా కలిపి 2 గంటలకు మించి ఆగకూడదని వాళ్ల లక్ష్యం. నలభై ఏళ్లు! మన ఇంట్లో మిక్సీ నాలుగేళ్లు రావడం లేదు. మీ నాన్న అర్ధరాత్రి కార్డు పీకింది కూడా అలాంటి పట్టింపుతోనే. నిజంగా పోయే రోజు రాకముందే, పోతే ఏమవుతుందో చూసుకోవాలి.

ఇప్పుడు మీకో పని. మీ ఇంటి రౌటర్‌లో పెత్తనం చేసేది ఒక్కటే, పక్కన చిన్నాయన లేడు. నాన్ననడిగి ఒకసారి దాని కరెంటు స్విచ్ ఆపి, మళ్లీ వేయండి. ఏ లైటు ముందు వెలిగింది, ఏది మెరుస్తూ ఉండిపోయింది, నెట్ రావడానికి ఎంతసేపు పట్టింది, వాచీ చూసి రాసుకోండి. ఆదివారం మెట్రోలో వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి. మెజెస్టిక్‌లో రైలు మారాలి, మర్చిపోకండి. అమ్మ ఆఫీస్ కాల్‌లో ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రయోగం చేయకండి. నా పేరు చెప్పినా వదలదు.

మీ తాతయ్య