ట్యాబ్‌లో నోట్స్ పెట్టుకుని వాయించడం: అపోహలు - వాస్తవాలు

నేను కీబోర్డ్ వాయిస్తాను. రిసెప్షన్ ప్రోగ్రాములు, చర్చి క్వయర్, మధ్యలో పిల్లలకి పియానో క్లాసులు. పేపర్ ఫైళ్ళు మానేసి చాలా ఏళ్ళయింది, తోటి ఆర్టిస్టులు ట్యాబ్ గురించి అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా.

అపోహ: ఖరీదైన ఐప్యాడ్ ప్రో లేకపోతే దండగ.

బ్రాండ్ తర్వాత సంగతి, ముందు సైజు చూడండి. ఏ4 కాగితాన్ని మూల నుంచి మూలకి కొలిస్తే 14 అంగుళాల పైనే ఉంటుంది, దాన్ని 10 అంగుళాల ట్యాబ్‌లో పెడితే పియానో నోట్స్‌లో రెండు స్టాఫులూ (స్వరాలు రాసే ఐదు గీతల వరసలు) చీమల బారులా కనిపిస్తాయి. 13 అంగుళాలదైతే చుట్టూ తెల్ల మార్జిన్ క్రాప్ చేశాక దాదాపు అచ్చులో ఉన్నంత సైజు వస్తుంది. ఇంకోటి, 16:10 స్క్రీన్లు నిలువుగా పెడితే సన్నగా పొడుగ్గా ఉంటాయి, డబ్బా మీద అంగుళాలు ఎక్కువ రాసున్నా పేజీ చిన్నదై పైనా కిందా ఖాళీ మిగిలిపోతుంది, నోట్స్‌కి 4:3 నయం. లిరిక్స్ మీద కార్డ్స్ (chords, కలిపి నొక్కే స్వరాల పేర్లు) రాసుకుని వాయించేవాళ్ళకి మాత్రం 10 అంగుళాలు చాలు. నోట్స్ చూపించే యాప్ అంటే, ఫోర్‌స్కోర్ యాపిల్‌లోనే ఉంటుంది, ఆండ్రాయిడ్ వాళ్ళకి మొబైల్‌షీట్స్ ఉంది, అది కూడా మంచిదే.

అపోహ: ఫోటో తీసి పడేస్తే అయిపోతుంది.

అసలు తిప్పలన్నీ ఇక్కడే, ట్యాబ్‌కి బోలెడు డబ్బు పోసి ఫైళ్ళు మాత్రం వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు పెట్టుకుంటారు! వాట్సాప్ ఫోటోని నొక్కేస్తుంది, పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి. స్కాన్ అయితే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), బ్లాక్ అండ్ వైట్, అంతకు మించి రంగుల్లో తీస్తే ఫైల్ బరువెక్కి పేజీ తిరగడానికి ఆలోచిస్తూ కూర్చుంటుంది. కానీ పాత తెలుగు పుస్తకాలకి ఈ లెక్క కుదరదు. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినే చూడండి, స్వరాల మీద గమకాల (స్వరాన్ని ఊపే తీరుల) గుర్తులు చాలా చిన్నవి, ఉత్త బ్లాక్ అండ్ వైట్ చేస్తే అవి మచ్చలో గుర్తులో తెలియదు, అలాంటివి గ్రేస్కేల్‌లోనే (బూడిద రంగు ఛాయల్లో) ఉంచాలి. ఇక డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టించిన వర్డ్ ఫైల్ తెచ్చి ట్యాబ్‌లో తెరిస్తే స్వరాలు కాదు పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలు వస్తాయి, మంద్ర (కింది), తార (పై) స్థాయి చుక్కలైతే ఎక్కడికి పోతాయో దేవుడికే తెలియాలి. సెంటర్లోనే పీడీఎఫ్ చేయించుకుని తెచ్చుకోండి.

అపోహ: ట్యాబ్‌లో ఉంటే స్కేల్ (పాట శ్రుతి) దానంతటదే మారిపోతుంది.

పీడీఎఫ్ అంటే బొమ్మే అండీ, అందులో స్కేల్ మారదు. సింగర్ వచ్చి అన్నా ఒక టోన్ దించు అంటే కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ (స్కేల్ మార్చే బటన్) నొక్కడమే. నిజంగా నోట్స్ మారాలంటే పాట మ్యూజ్‌స్కోర్ లాంటి నోట్స్ రాసే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి ఉండాలి, అది ఫ్రీయే గానీ ఎక్కించడానికి ఓపిక కావాలి. ఉత్త కార్డ్స్ అయితే కార్డ్‌ప్రో ఫార్మాట్‌లో (లిరిక్స్ మధ్యలో బ్రాకెట్లలో కార్డ్స్ రాసే పద్ధతి) టైప్ చేసుకుంటే మొబైల్‌షీట్స్‌లో వేలితో నొక్కితే మారతాయి, క్వయర్ వాళ్ళకి ఇదే బెస్ట్.

అపోహ: పేజీ తిప్పడానికి పెడల్ ఉండాల్సిందే.

ట్యాబ్‌కి బ్లూటూత్‌తో కలిపి కాలితో నొక్కే ఈ పెడల్ ఉంటే సుఖమే. కీబోర్డ్ వాళ్ళకి కుడి కాలు సస్టెయిన్ (స్వరం సాగదీసే) పెడల్ మీద ఉంటుంది కాబట్టి దీన్ని ఎడమ కాలికి అలవాటు చేసుకోవాలి. లేకపోయినా యాప్‌లో సగం పేజీ తిప్పే సెట్టింగ్ ఉంటుంది, కింద సగం వాయిస్తుండగానే పైన తర్వాతి పేజీ వచ్చేస్తుంది, అప్పుడు చెయ్యి ఖాళీ దొరికినప్పుడు తట్టుకోవచ్చు. పెడల్ కొన్నాక చాలామంది ట్యాబ్ పాడైంది, టైప్ చేద్దామంటే స్క్రీన్ మీద కీబోర్డ్ రావట్లేదు అని ఫోన్ చేస్తారు. పాడవలేదు, ట్యాబ్ దృష్టిలో ఆ బ్లూటూత్ పెడలే ఒక కీబోర్డ్, అది ఆఫ్ చేస్తే మామూలుగా వస్తుంది. కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్ పెట్టేవాళ్ళు బ్లూటూత్ ఆన్‌లోనే ఉందో లేదో ఒకసారి చూసుకోండి, ఆటో లాక్ కూడా తీసేయండి.

అపోహ: స్టేజీ మీద ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది, పేపరే నమ్మకం.

2012లోనే బ్రస్సెల్స్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా శాంసంగ్ ట్యాబులతో కచేరీ చేసింది, కాబట్టి ఇదేమీ నిన్న మొన్నటి ప్రయోగం కాదు. ఛార్జింగ్ గురించి కూడా పెద్ద భయం అక్కర్లేదు, ఫుల్‌గా ఉంటే ఒక ప్రోగ్రాం సులువుగా లాగేస్తుంది. మన దగ్గర అసలు శత్రువు ఎండ. ఐప్యాడ్ 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ వాళ్ళే రాశారు, విజయవాడలో మే నెల ముహూర్తం, ఓపెన్ లాన్, పైన లైట్లు, ఇంక చెప్పేదేముంది, స్క్రీన్ వెలుగు తగ్గిపోయి చివరికి వేడెక్కిందని మెసేజ్ పెట్టి ఆగిపోతుంది. వాయించని టైంలో నీడలో పెట్టండి, నల్ల కవర్ తీసేయండి, బ్రైట్‌నెస్ మరీ ఫుల్ పెట్టకండి. అలాంటి ప్రోగ్రాములకి ముఖ్యమైన పాటలు నేనూ ప్రింట్ తీసుకునే వెళ్తాను, పెడస్టల్ ఫ్యాన్ గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు కూడా.

అపోహ: చూసి వాయిస్తున్నాడంటే పాట రానట్టే.

కర్ణాటక కచేరీలో ఆ మాట అంటే నేను ఒప్పుకుంటా, కళ్ళు స్క్రీన్‌కి అతుక్కుంటే మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా అల్లుకునేది) ఎక్కడి నుంచి వస్తుంది? కానీ సాయంత్రం లిస్టు ఇచ్చి రాత్రికి నలభై పాటలు కావాలనే ఆర్కెస్ట్రా వాళ్ళని ఆ మాట అనకండి బాబూ.