విత్తనం మార్టేరుది, జన్యువు ఎక్కడిదైనా

సార్వా నాట్లు పడిన కొత్తలో వాన పట్టి మురుగు కాలువలు పొంగితే, కోనసీమ పల్లపు చేలు రోజుల తరబడి నీళ్లలోనే ఉంటాయి. వరి నీళ్ల పంటే కదా, మునిగితే ఏమవుతుందని బయటివాళ్లకు అనిపిస్తుంది. మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు బయటికి పోలేక పేరుకుంటుంది. ఆ ప్రభావంతో మొక్క గాలి కోసం గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగుడుకే కరిగిపోతుంది. నీళ్లు తీసేసరికి నిలబడే సత్తువ లేక వాలిపోతుంది.

ఒడిశా నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్‌13ఏ రకం అలా కంగారుపడదు. అందులోని సబ్‌1ఏ జన్యువు సాగుడును ఆపేస్తుంది. మొక్క దాదాపు రెండు వారాలు ఊపిరి బిగబట్టి, నీళ్లు పోయాక మళ్లీ చిగురేస్తుంది. ఈ గుణాన్ని మార్టేరు వరి పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ రకం (ఎంటీయూ 7029)లోకి తెచ్చింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. ఇది బీటీ పత్తి లాంటి జన్యుమార్పిడి కాదు. సంకరం చేసి, వచ్చిన మొక్కల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ చూసి సబ్‌1ఏ ఉన్నవాటినే ఉంచారు. 2009లో స్వర్ణ-సబ్‌1 మన దేశంలో విడుదలైంది.

2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన పూసా డీఎస్‌టీ రైస్‌ 1కి మూలం ఎంటీయూ 1010, అంటే మార్టేరులోనే పుట్టిన మన కాటన్ దొర సన్నాలే. బెట్టను, ఉప్పును తట్టుకోవడానికి అడ్డుపడే డీఎస్‌టీ జన్యువును అందులో ఢిల్లీ శాస్త్రవేత్తలు సవరించారు. శివారు ఆయకట్టులో ఉప్పు బాధ పడేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది.

రెండుసార్లూ విత్తనం మనది, ప్రయోగశాల వేరేవాళ్లది. అందుకు నొచ్చుకోనక్కర్లేదంటాను. జన్యువు పని ఎక్కడో ఒకచోట ఒక్కసారి జరిగితే చాలు, ఫలితం గింజలోనే మన ఊరు చేరుతుంది. డెల్టాలోనే జరగాల్సింది నిలవ ఉండని సరుకుతో చేసే పని. బయోటెక్ అనగానే అద్దాల మేడలు ఊహించుకునే నాయకుల కంటికి ఇది ఆనదు.

కొబ్బరి తెల్లదోమనే తీసుకోండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో దానిపైకి ఐసేరియా అనే శిలీంద్రాన్ని పెంచుతున్నారు. దాని బీజాలు పురుగు ఒంటికి అంటుకుని, మొలకెత్తి, పైపొరను తొలుచుకుని లోపలికి పోతాయి. అయితే అవి బతికుండాలి. ఎండలో ఉంచిన డబ్బాలో మిగిలేది పేరు మాత్రమే.

రొయ్య సీడుకైతే, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలకైతే, వ్యవధి ఇంకా తక్కువ. హేచరీలో లెక్కపెట్టి బండెక్కిస్తే త్వరగా చెరువులో పడాలి, కాబట్టి వైరస్ జన్యుపదార్థాన్ని పసిగట్టే పీసీఆర్ పరీక్ష చేసే ల్యాబు దగ్గరలోనే ఉండాలి. ల్యాబు ఉన్నంత మాత్రాన సరిపోదు. ట్యాంకులో నూటికి ఐదు పిల్లలకు తెల్లమచ్చ వైరస్ ఉందనుకుందాం. పది పిల్లల్నే తీస్తే, వాటిలో ఒక్కటీ జబ్బుది తగలకపోవడానికి 60 శాతం అవకాశం ఉంది. అరవై తీస్తే అది 5 శాతం లోపుకు పడిపోతుంది. జబ్బు నూటికి రెండింటికే ఉంటే నూటయాభై కావాలి. కొన్నిటిని కలిపి నూరి ఒకే పరీక్షలో పెట్టొచ్చు కనుక ఖర్చు అన్ని రెట్లు పెరగదు. సీడు కొనేవాళ్లు రిపోర్టులో ‘నెగటివ్’ అన్న మాటతో పాటు ఎన్ని పిల్లల్ని పరీక్షించారో కూడా అడిగి తీరాలి.