నా యాంప్‌లకు నేనిచ్చే ర్యాంకులు: గిటార్ నేర్చుకుంటున్న పిల్లలకు

కడప

పిల్లలూ,

మీలో చాలామంది ఈమధ్య ఒకే మాట అడుగుతున్నారు: "తాతా, గిటార్‌కి మంచి యాంప్ ఏది?" ఈ ప్రశ్న అడిగినందుకే నాకు సంతోషం. సాధారణంగా అందరూ గిటార్ గురించి అడుగుతారు, యాంప్ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌ని ఊరికే వాయిస్తే పక్క గదిలోకి కూడా వినపడదు. తీగ కదిలినప్పుడు, తీగల కింద బిగించిన పికప్‌లో పుట్టేది చిన్న కరెంటు సిగ్నల్ మాత్రమే. దాన్ని పెంచి, దానికో గుణం ఇచ్చి, గాలిలోకి వదిలేది యాంప్, దాని స్పీకరు. మామూలు గిటార్‌ని మంచి యాంప్‌కి పెడితే వినబుద్ధవుతుంది. ఖరీదైన గిటార్‌ని నాసిరకం డబ్బాకి పెడితే డబ్బా మోతే వస్తుంది. అందుకే చేతిలో డబ్బు తక్కువుంటే గిటార్ మీద కొంచెం తగ్గించి యాంప్ మీద పెట్టమని మీ అమ్మానాన్నలకు కూడా చెప్తున్నాను.

నాకు సొంతమై, నా ఇంట్లో ఏళ్ల తరబడి మోగిన వాటికే ర్యాంకులిస్తాను. ఎక్కడో ఒక పూట వాయించినవి లెక్కలోకి రావు. ఉదాహరణకు, లండన్‌లో డ్రమ్ముల అంగడి నడిపిన జిమ్ మార్షల్ 1960ల మొదట్లో ఫెండర్ కంపెనీ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ని ఆధారం చేసుకుని తన మొదటి యాంప్ తయారు చేయించాడు. రాక్ సంగీతం ఎంతో భాగం ఆ పేరుతోనే పెరిగింది. అయినా నేనెప్పుడూ మార్షల్ కొనలేదు కాబట్టి దానికి ఇక్కడ ర్యాంకు లేదు. ఎండాకాలం, వానాకాలం, పండగ, పెళ్లి అన్నీ దానితో గడిపితే గానీ ఒక యాంప్ మంచీచెడూ తెలియవు.

మొదటి ర్యాంకు ఫెండర్ డీలక్స్ రివర్బ్‌ది. దీని గురించి ఎక్కువే రాస్తాను, ఓపికగా చదవండి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీ 1963లో తెచ్చిన మోడల్ ఇది. నా దగ్గరున్నది అదే డిజైన్‌తో తర్వాతి కాలంలో చేసినది. 22 వాట్లు, 12 అంగుళాల స్పీకరు ఒకటి, లోపల ట్రాన్సిస్టర్లకు బదులు వాల్వులు, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలు. మీ అవ్వాతాతల ఇళ్లలో వాల్వు రేడియో ఉండేది. స్విచ్ వేసిన వెంటనే పలికేది కాదు. ఇదీ అంతే. వాల్వు లోపలి ఫిలమెంటు ఎర్రగా కాగితేనే ఎలక్ట్రాన్లు కదులుతాయి, అప్పుడే శబ్దం వస్తుంది.

కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే రోజుల్లో, అక్కడి నుంచి వెళ్లిపోతున్న ఒక ఫిలిప్పీన్స్ గిటారిస్టు దగ్గర దీన్ని కొన్నాను. మన జిల్లా నుంచి కువైట్‌కి ఎంతమంది పోతారో మీకు తెలిసిందే. తిరిగొచ్చేటప్పుడు దాదాపు 19 కిలోల ఈ పెట్టెను కార్గోలో వేయించాను. వేసేముందు అందులోని తొమ్మిది వాల్వులనూ ఊడదీసి, ఒక్కోదాన్నీ బనియన్ గుడ్డలో చుట్టి, ఏది ఏ సాకెట్‌లోదో చీటీ కట్టి చేతి సంచిలో తెచ్చుకున్నాను. ఒక్కటి కూడా పగల్లేదు. కువైట్‌లో 240 వోల్టులు, 50 సైకిల్స్. మన దగ్గర 230 వోల్టులు, 50 సైకిల్స్. అందుకే ప్లగ్ మార్చడం తప్ప వేరే పని పడలేదు. అమెరికా నుంచి ఎవరైనా తెస్తానంటే మాత్రం ముందే అడగండి. అక్కడ 120 వోల్టులు. అక్కడి యాంప్‌ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన గోడ ప్లగ్గులో పెడితే ఫ్యూజుతో పోతే అదృష్టం, లేదంటే లోపలి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు.

ఇక ఇది ఎందుకు మొదటిదో చెప్తాను. వాల్యూమ్ మూడు మీద ఉంటే స్వరం తేటగా ఉంటుంది. ఐదు మీదికి తిప్పండి. ఇప్పుడు మెల్లగా మీటితే అదే తేటదనం. గట్టిగా మీటితే స్వరం అంచు కొంచెం చిరిగి గరగరలాడుతుంది. వాల్వుకి దాని శక్తికి మించిన సిగ్నల్ వస్తే తరంగం కొస టక్కున తెగదు, మెల్లమెల్లగా నొక్కుకుపోతుంది. అందుకే ఆ గరగర చెవిలో గుచ్చుకోదు. పెడల్ తొక్కకుండా, బటన్ నొక్కకుండా, కుడిచేతి వేళ్ల ఒత్తిడితోనే రెండు రకాల శబ్దాలు పలికించవచ్చు. నా దగ్గరున్న వేరే ఏ యాంప్ కూడా వేలికి ఇంత దగ్గరగా జవాబు చెప్పలేదు.

రివర్బ్, అంటే స్వరం వెనక వచ్చే ప్రతిధ్వని, దాని సంగతి కూడా చూడండి. పెట్టె అడుగున ఒక సంచిలో పొడుగాటి రేకు డబ్బా ఉంటుంది, దానిలోపల సన్నని స్ప్రింగులు. ఒక కొసన సిగ్నల్ వచ్చి స్ప్రింగును వణికిస్తుంది. ఆ వణుకు రెండో కొసకు చేరి మళ్లీ కరెంటుగా మారి అసలు స్వరంలో కలుస్తుంది. ముందుకూ వెనక్కూ కొన్నిసార్లు తిరుగుతుంది కాబట్టి స్వరం ఆగాక కూడా దాని నీడ కాసేపు వినపడుతుంది. పెట్టెకి కాలు తగిలితే స్ప్రింగులు ఒకదానికొకటి కొట్టుకుని ఉరుములాంటి మోత వస్తుంది. భయపడకండి, చెడిపోలేదని అర్థం.

వాల్వు యాంప్‌తో రెండు జాగ్రత్తలు. స్పీకరు వైరు ఊడదీసి ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రెండోది, వెనక మూత తీసి లోపల చెయ్యి పెట్టకండి. లోపల 400 వోల్టులకు పైన ఉంటుంది. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉంటుంది, ప్రాణం తీయగలదు. ఎలక్ట్రీషియన్ని కాబట్టి నేను తీస్తాను, మీరు వద్దు.

ఇప్పుడు నేరుగా ఆఖరి ర్యాంకుకి వస్తాను, ఎందుకంటే మీలో సగంమంది ఇప్పుడు అలాంటిదానితోనే వాయిస్తున్నారు. నా మొట్టమొదటి యాంప్ మన ఊళ్లోనే కట్టించిన మైక్ సెట్టు. ఉపన్యాసానికి, పాటకు అది బాగానే పనిచేసింది. గిటార్ మాత్రం అందులో మొద్దుబారినట్టు పలికేది. కారణం సులువే. మైకు కోసం పెట్టిన ఇన్‌పుట్‌కి ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, తక్కువ. గిటార్ పికప్‌కి సుమారు పది లక్షల ఓముల ఇన్‌పుట్ కావాలి, గిటార్ యాంప్‌లలో అంతే పెడతారు. అంతకన్నా బాగా తక్కువైతే ట్రెబుల్, అంటే స్వరంలోని సన్నని మెరుపు, అక్కడే చచ్చిపోతుంది. ఇంకో కారణం స్పీకరు. గిటార్ స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతుంది. మైక్ సెట్టు హారన్ అంతకు పైదాకా పలుకుతుంది. అందుకే స్వరాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్‌ని దానికి పెడితే ఈగల రొద వినపడుతుంది. చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో మీ వైరుని నేరుగా మిక్సర్‌కి పెట్టమంటే, "డి.ఐ. బాక్స్ ఉందా అన్నా?" అని సౌండ్ అబ్బాయిని అడగండి. ఇంపెడెన్స్ సమస్యను ఆ చిన్న పెట్టె తీరుస్తుంది.

మైక్ సెట్టు మాట వచ్చింది కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక్కడే చెప్పేస్తాను. వినాయక చవితి పందిట్లో, పెళ్లి షామియానాలో కరెంటు ఎక్కడి నుంచో లాగి ఉంటుంది, చాలాసార్లు ఎర్త్ ఉండదు. గిటార్ తీగలు యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. మైకు వేరే యాంప్‌కి కలిసి ఉంటుంది. రెండిట్లో ఒకదానికి ఎర్త్ లేకుండా లీకేజీ ఉంటే, చేతిలో తీగ, పెదవికి మైకు తగిలిన క్షణంలో షాక్ కొడుతుంది. చెమట పట్టిన చేతులకైతే ఇంకా గట్టిగా. త్రీపిన్ ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎవరు తీసేయమన్నా తీయకండి, "గుయ్ మనే హమ్ము పోతుంది" అని చెప్పినా సరే. పాడేముందు టెస్టర్‌తో మైకు జాలీని ఒకసారి ముట్టి చూడమని సౌండ్ వాళ్లకు చెప్పండి. లైటు వెలిగితే ఆ స్టేజీ ఎక్కకండి. ఇంట్లో కూడా ఎర్త్ గుంతని పట్టించుకోండి. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గుంత మన సీమ ఎండలకు ఎండిపోతుంది, ఎండితే ఎర్త్ పనిచేయదు. మార్చి నుంచి వాన పడేదాకా నేను రెండు మూడు రోజులకోసారి దానిలో బిందెడు నీళ్లు పోస్తాను. మీరూ పోయండి.

రెండో ర్యాంకు రోలాండ్ మైక్రో క్యూబ్‌కి ఇస్తున్నాను. 2 వాట్లు, 5 అంగుళాల స్పీకరు, మూడు కిలోల పైచిలుకు బరువు, భుజానికి తగిలించుకునే పట్టీ. ఇంత చిన్నదానికి రెండోదా అని మీలో పెద్దవాళ్లు అంటారు. అవును, రెండోదే. గోడ గడియారంలో వాడే చిన్న సెల్లులు ఆరు వేస్తే కరెంటు లేకపోయినా మోగుతుంది. వేసవి సాయంత్రాలు కరెంటు పోయి ఇంటిల్లిపాదీ మిద్దె మీదికి ఎక్కినప్పుడు నేను ఎక్కువ వాయించింది దీని మీదే. రోజూ వాయించే యాంప్ మీ చేతిని తయారు చేస్తుంది. గదిలో ముసుగు కప్పుకుని కూర్చున్న పెద్ద యాంప్ ఎంత గొప్పదైనా మీ చేతికి ఏమీ నేర్పదు.

వాట్ల గురించి భ్రమ పెట్టుకోకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి అది కొంచెం తేడాగానే తెలుస్తుంది. శబ్దం రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. కాబట్టి 100 వాట్లది 50 వాట్లదానికన్నా రెండింతలు మోగదు. మన ఇళ్లలో 5 వాట్ల వాల్వు యాంపే పక్క వీధికి వినపడుతుంది.

మూడోది రోలాండ్ జేసీ 120, జాజ్ కోరస్. 1975లో వచ్చిన మోడల్. వాల్వులు లేవు, అన్నీ ట్రాన్సిస్టర్లే. 12 అంగుళాల స్పీకర్లు రెండు. కోరస్ ఆన్ చేస్తే ఒక స్పీకరు స్వరాన్ని ఉన్నదున్నట్టు పలుకుతుంది, రెండోది కొంచెం ఊగిసలాడిస్తూ పలుకుతుంది. రెండూ కలిసేది గాలిలో, మీ చెవి దగ్గర. రికార్డింగ్‌లో వినడం వేరు, గదిలో దాని ముందు కూర్చోవడం వేరు. ఈ యాంప్ ఏ తప్పునూ కప్పిపుచ్చదు. గమకం సగంలో ఆగినా, వేలు ఫ్రెట్ మీద సరిగా ఆనకపోయినా అందరికీ తెలిసిపోతుంది. అందుకే రాగాలు నేర్చుకునేవాళ్లను దీని ముందు కూర్చోబెడతాను. బరువు 28 కిలోలు. నా వయసుకి మెట్లెక్కించలేను కాబట్టి కింది గదిలోనే ఉంటుంది, లేకపోతే రెండో ర్యాంకుకి పోటీ పడేది.

నాలుగోది వాక్స్ ఏసీ 15. ఇంగ్లండులో డిక్ డెన్నీ డిజైన్ చేసింది, 1950ల చివరిది. బీటిల్స్ వాళ్లు వాడిన ఏసీ 30 దీని తర్వాత వచ్చింది. కొన్ని తీగలను నొక్కకుండా వదిలి అన్నిటినీ ఒకేసారి మీటే ఓపెన్ కార్డ్ కొడితే గంట మోగినట్టు మెరుస్తుంది. ఆ రకం సర్క్యూట్‌లో వాల్వులు మీరు వాయించకపోయినా పూర్తి వేడి మీదే ఉంటాయి. కడప మే నెలలో దాని పక్కన కూర్చోవడం కష్టం. చలికాలంలో దాన్ని మించింది లేదు.

ఐదోది బాస్ కటానా 50, మా మనవరాలి కోసం తీసుకున్నది. ఇది 2016లో మొదలైన మోడల్. 50 వాట్లు, 25 వాట్లు, అర వాటు అని మార్చుకునే స్విచ్ ఉంది. ఐదు రకాల గొంతులు, ఎఫెక్టులు అన్నీ అందులోనే. నా మనసు దానికి అంతగా అతుక్కోలేదు గానీ, మొదటి యాంప్ కొనే పిల్లలకు నేను ముందు చెప్పేది దీన్నే. ర్యాంకు నా ఇష్టాన్ని బట్టి, సలహా మీ అవసరాన్ని బట్టి.

ఏది కొన్నా పెట్టే చోటు చూసుకోండి. మన ఇళ్లలో కింద కడప బండలు, చుట్టూ సిమెంటు గోడలు. శబ్దం ఎక్కడా ఇంకదు. నేల మీద పెడితే బేస్ గుంయ్‌మంటుంది. ట్రెబుల్ స్పీకరుకి ఎదురుగా నేరుగా పోతుంది, అంటే మీ మోకాళ్లకు తగులుతుంది. నిలబడ్డ మీకు వినపడక ట్రెబుల్ పెంచేస్తారు, ఎదురుగా కూర్చున్న అవ్వ చెవులు మూసుకుంటుంది. యాంప్‌ని స్టూలు మీద పెట్టండి, కొంచెం వెనక్కి వాల్చండి, ముందు జంపఖానా పరవండి, ఎదురు గోడకు దుప్పటి వేలాడదీయండి. డబ్బు ఖర్చు లేకుండా యాంప్ మారిపోయినట్టే ఉంటుంది.

కొనడానికి చెన్నై పోయేవాళ్లు మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ చూడండి, 1842 నుంచి ఉన్న అంగడి. మీ గిటార్ మీరే తీసుకుపోండి, అంగట్లో గిటార్‌తో యాంప్‌ని అంచనా వేయకండి. అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి, మీకు బాగా వచ్చిన పాట ఒకటే వాయించండి. తర్వాత వాయించకుండా వాల్యూమ్ పెంచి హమ్ము ఎంతుందో వినండి. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబ్‌నూ తిప్పి కరకర శబ్దం వస్తుందేమో చూడండి, అరగంట ఆన్‌లో ఉంచి కాలిన వాసన వస్తుందేమో చూడండి.

కొనేముందు ఈ ఐదింటినీ ఒకసారి మా ఇంట్లో వాయించి చూడండి. మైక్ సెట్టు ఇప్పుడు లేదు. సాయంత్రం ఐదు దాటాక రండి, మధ్యాహ్నం పక్కింట్లో చంటిబిడ్డ పడుకుంటుంది. వైరు, గిటార్ మీవే తెచ్చుకోండి. జేసీ 120ని ముందుకు జరపాలి కాబట్టి ఇద్దరు బలమైన పిల్లలు కొంచెం ముందుగా వస్తే మంచిది.

ఆశీస్సులతో,
మీ తాత