అరచేతిలో చీపురు, రోడ్డు మీద బండి

మా వీధి చివర ఉండే టీచరమ్మకు నలభై దాటాయి. ఆమె పనిచేసే బడి కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డుకు లోపలగా ఉన్న పల్లెలో ఉంది. బస్సు దిగాక మూడు కిలోమీటర్లు నడవాలి. ఇంట్లో భర్త వాడే వంద సీసీ బండి ఉంది. గేర్లు లేని స్కూటర్ కొనుక్కోమని అందరూ చెప్పారు. ఉన్న బండిని వదిలి ఇంకొకటి ఎందుకని ఆమె పంతం. పంతం సరే, ధైర్యం కావాలి కదా. దాని కోసం ఫోనులోనే ఏదో మైండ్‌సెట్ కోచింగ్‌లో చేరారు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి “నేను నడపగలను, నాకు భయం లేదు” అని ఇరవై ఒక్కసార్లు అనుకోవాలట. మూడు వారాలు నిష్ఠగా అనుకున్నారు.

తరువాత ఒక సాయంత్రం మా గేటు దగ్గర ఆగి అడిగారు. “సార్, అద్దం ముందు ధైర్యం బాగానే వస్తోంది. బండెక్కి క్లచ్ వదలగానే చేతులు కడప బండల్లా బిగుసుకుపోతున్నాయి. హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. నా మనసులోనే ఏదో లోపం ఉందంటారా?”

“మనసులో కాదమ్మా, మోచేతుల్లో ఉంది” అన్నాను. చమత్కారంగా చెప్పానని నేను సంబరపడ్డాను కానీ ఆమె ముఖంలో ఆ సంబరం కనిపించలేదు. ఇంట్లోకి వెళ్లి చీపురుకట్ట తెచ్చాను.

చిన్నప్పుడు అరచేతిలో చీపురు నిలబెట్టి ఆడనివారు ఉండరు. ఆడినందుకు తిట్లు తిననివారూ ఉండరు. చీపురుతో ఆడితే లక్ష్మి వెళ్లిపోతుందని మా అమ్మమ్మ లాక్కునేది. లక్ష్మి సంగతి నాకు తెలియదు కానీ ఆ ఆటలో బండి నడపడానికి కావలసిన యాంత్రికశాస్త్రం దాదాపు అంతా ఉంది. రెండు చక్రాల బండి అంటే తలకిందులైన లోలకం. బరువంతా పైన, ఆధారం కింద. దాన్ని కదలకుండా పట్టుకుని నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. పడబోతున్న వైపుకు ఆధారాన్ని జరుపుతూ ఉంటేనే అది నిలుస్తుంది. చీపురు కుడికి వాలితే అరచెయ్యి కుడికి వెళ్లాలి. బండి కుడికి వాలితే టైర్లు కుడికి రావాలి. అరచేతిని మనం నేరుగా జరుపుతాం, టైర్లను హ్యాండిల్ తిప్పి జరుపుతాం. తేడా ఇంతే.

చీపురును నిలబెట్టినంత సులువుగా పెన్సిలును నిలబెట్టలేం. కారణం పొడవు. పడిపోవడానికి పట్టే కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మీటరు పొడవున్న కర్రకు ఆ కాలమానం ఇంచుమించు పావు సెకను. జానెడు పెన్సిలుకు అందులో సగం కూడా ఉండదు. మనిషి కూర్చున్న మోటార్ సైకిల్ గురుత్వ కేంద్రం నేల నుంచి అరవై, డెబ్బై సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని లెక్క కడితే మళ్లీ ఆ పావు సెకనే వస్తుంది. అంటే మీరు నడిపే బండి, బరువు సంగతి పక్కన పెడితే, మీటరు చీపురు లాంటిదే. వాలడం ఒకసారి ఊపందుకుందంటే ప్రతి పావు సెకనుకూ వాలు సుమారు 2.7 రెట్లవుతుంది. ఒక డిగ్రీ ఉన్నది అర సెకనులో ఏడు డిగ్రీలు, ముప్పావు సెకనులో ఇరవై. “ఎడమకు వాలుతోంది, కనుక ఎడమకు తిప్పాలి” అని వాక్యం కట్టుకుని ఆలోచించే లోపలే ఆ కాలం గడిచిపోతుంది. అంటే ఆలోచనతో బండిని నిలబెట్టలేం.

మరి ఎవరు నిలబెడుతున్నారు? చాలావరకు బండే. ఇది నమ్మకపోతే ఇంట్లో ఉన్న సైకిల్‌ను సీటు మాత్రమే పట్టుకుని నడిపించండి. హ్యాండిల్ ముట్టుకోకండి. సీటును కొద్దిగా ఎడమకు వంచితే ముందు చక్రం తనంతట తానే ఎడమకు తిరుగుతుంది. టీచరమ్మ కొడుకు సైకిల్‌తో ఇది అక్కడికక్కడే చేసి చూపించాను. ఆమె నాలుగుసార్లు వంచి చూశారు. హ్యాండిల్ తిరిగే ఇరుసును ఊహలో నేల దాకా పొడిగిస్తే, అది నేలను తాకే చోటుకు టైరు తాకే చోటు కొద్దిగా వెనక ఉంటుంది. దీన్ని ట్రెయిల్ అంటారు. మోటార్ సైకిళ్లలో ఇది మామూలుగా ఎనిమిది, పది సెంటీమీటర్లు. బండి వాలగానే చక్రం వాలిన వైపుకు తిరగడానికి ఒక కారణం ఇది. అంటే పడబోతున్న చీపురు కిందికి అరచెయ్యి తనంతట తానే వెళుతోందన్నమాట.

ఇక్కడ పాఠాలు చెప్పేవారి మీద నాకొక ఫిర్యాదు ఉంది. బండి ఎందుకు నిలబడుతుందని పిల్లలు అడిగితే చక్రాలు బొంగరాల్లా తిరుగుతాయి కనుక అని చెప్పి బల్ల మీద డస్టర్ పెట్టేస్తారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆయన సైకిల్ ముందు చక్రం పక్కన వెనక్కి తిరిగే మరో చక్రం బిగించి ఆ బొంగరం ప్రభావాన్ని రద్దు చేశాడు. అయినా తొక్కగలిగాడు. 2011లో మరికొందరు పరిశోధకులు బొంగరం ప్రభావమూ ట్రెయిలూ రెండూ లేకుండా, బరువును తగినట్లు అమర్చి, తనంతట తానే నిలబడే చిన్న బండిని తయారు చేశారు. ఎలా చేసినా సూత్రం ఒకటే. వాలిన వైపుకు చక్రం తిరగాలి.

ఇప్పుడు బిగుసుకుపోయిన చేతుల సంగతికి వస్తాను. భయపడినప్పుడు చేతిని ముడిచే కండరమూ చాచే కండరమూ ఒకేసారి బిగుస్తాయి. మోచెయ్యి కొయ్య అవుతుంది. ఆ కొయ్యచేతులతో హ్యాండిల్ పట్టుకుంటే ముందు చక్రం తనంతట తాను తిరగలేదు. అరచేతిని గోడకు మేకు కొట్టి చీపురు నిలబెట్టమన్నట్లే. పైగా కొయ్యచేతులు భుజాలను హ్యాండిల్‌కు కట్టేస్తాయి. ఒళ్లు కదిలిన ప్రతిసారీ హ్యాండిల్ కూడా కదులుతుంది. బండి ఊగుతుంది, ఊగిందని భయం పెరుగుతుంది, పిడికిలి ఇంకా బిగుస్తుంది, బండి ఇంకా ఊగుతుంది. టీచరమ్మ తన పిరికితనం అనుకున్నది ఈ విషవలయమే.

కుడిచేతిలో దీనికి ఒక తోబుట్టువు ఉంది, మరింత ప్రమాదకరమైనది. బండి హఠాత్తుగా ముందుకు దూకితే ఒళ్లు వెనక్కి పడుతుంది. పడకుండా పిడికిలి బిగించి వేలాడతాం. మణికట్టు కిందికి దిగి యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది. బండి మరింత దూకుతుంది. కొత్తవారు ఎదురుగా గోడ కనబడుతున్నా రేజ్ పెంచుకుంటూ వెళ్లి గుద్దేది ఇలాగే. చూసేవారు “మతి పోయింది” అంటారు. పోయింది మతి కాదు, మణికట్టు. దీనికి మందు ఎడమచేతిలో ఉంది. క్లచ్ నొక్కితే ఇంజిను ఎంత అరిచినా ఆ బలం చక్రానికి చేరదు. మొదటి రోజు ఆమెకు నేర్పించింది ఇదొక్కటే. క్లచ్ మెల్లగా వదలడం, బండి కదలగానే మళ్లీ నొక్కడం, వెనక బ్రేకు వేసి ఆపడం. ముప్పై సార్లు. ఇరవయ్యోసారికి ఆమె పెదవులు కొరుక్కోవడం మానేశారు.

మెల్లగా వెళితే క్షేమం అనే సలహా గురించి కూడా చెప్పాలి. గుద్దుకుంటే తగిలే దెబ్బ విషయంలో అది నిజం. నిలబడటం విషయంలో అబద్ధం. ఒకే వాలును మోయడానికి, వేగం నాలుగో వంతుకు తగ్గితే హ్యాండిల్‌ను పదహారు రెట్లు తిప్పాలి. ఆగిపోయిన బండికి హ్యాండిల్ ఎంత తిప్పినా టైర్లు పక్కకు జరగవు కనుక కాలు దించాల్సిందే. 2007లో ప్రచురితమైన ఒక ప్రామాణిక సైకిల్ లెక్కలో, ఎవరూ పట్టుకోకపోయినా బండి నిలబడే వేగం సెకనుకు 4.3 మీటర్ల నుంచి 6 మీటర్ల వరకు, అంటే గంటకు సుమారు 15 నుంచి 22 కిలోమీటర్లు. మోటార్ సైకిల్ అంకెలు వేరు కానీ తీరు అదే. నడక వేగంలో బండి మనకు సాయం చేయదు. కొత్త బండి కొని గండి ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా, ఆ నాలుగడుగులే బండికి అన్నిటికన్నా కష్టమైన నాలుగడుగులు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయించడం కూడా అందుకే అంత ఇబ్బంది పెడుతుంది.

చీపురు దగ్గర ఇంకో రెండు సంగతులు మిగిలాయి. నిలబెట్టిన చీపురుతో కుడివైపుకు నడవాలంటే ముందు చెయ్యి ఎటు కదులుతుంది? చేసి చూడండి. ఎడమకు. చీపురు కుడికి వాలాలి, ఆ తరువాత దాని వెంట మనం వెళ్లాలి. బండి కూడా అంతే. కొంచెం వేగంలో కుడికి తిరగాలంటే హ్యాండిల్ కుడికొసను ముందుకు నెట్టాలి. అంటే క్షణకాలం చక్రం ఎడమకు తిరుగుతుంది. ఇరవై ఏళ్లుగా నడిపేవారిని అడగండి, అలా ఎప్పుడూ చేయలేదంటారు. రోజూ చేస్తూనే ఉంటారు. విమానం కనిపెట్టకముందు సైకిళ్లు తయారుచేసిన విల్బర్ రైట్ ఇదే ప్రశ్న డజన్లకొద్దీ సైక్లిస్టులను అడిగాడట, మొదటిసారి సరిగా చెప్పినవారు ఒక్కరూ దొరకలేదట. చేతికి తెలిసినది నోటికి తెలియదు. అద్దం ముందు నోటికి చెప్పిన పాఠం చేతికి చేరకపోవడంలో వింత ఏముంది?

రెండో సంగతి చూపు. చీపురు కొసను చూస్తే నిలుస్తుంది, అరచేతిని చూస్తే పడిపోతుంది. 1994లో లాండ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మలుపుల రోడ్డు మీద డ్రైవర్ల చూపు ఎక్కడుందో కొలిచారు. మలుపు లోపలి అంచు బయటికి పొడుచుకొచ్చినట్లు కనిపించే చోట, మలుపు రావడానికి ఒకటి రెండు సెకన్ల ముందే వారి కళ్లు ఉన్నాయి. గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు డ్రైవర్ పక్క సీటు దొరికితే ఆయన తల ఎటు తిరుగుతోందో గమనించండి, స్టీరింగ్ కన్నా ముందే తిరుగుతుంది. కొత్తవారు చూసేది ముందు చక్రాన్ని, లేదంటే దేనికి భయపడుతున్నారో దాన్ని. నేను బండి నేర్చుకున్న మైదానంలో ఎకరాలకొద్దీ ఖాళీ, నడుమ ఒకే ఒక్క సర్కారు తుమ్మ ఉండేది. దానికి తగలకూడదు, తగలకూడదు అనుకుంటూ దానినే చూస్తూ వెళ్లి అందులోనే పడ్డాను. ముళ్లు తీసింది మా అమ్మమ్మ. చీపురుతో ఆడినందుకే ఇలా జరిగిందని కూడా ఆమే తేల్చింది.

అయితే కోచింగ్ అంతా దండగేనా? అంత మాట అనను. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, “నేను ఇది చేయగలను” అనే నమ్మకం ఎక్కడెక్కడి నుంచి వస్తుందో నాలుగు మూలాలు చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటివారు చేస్తుంటే చూడటం, ఇతరుల మాటలు, ఒంటిలో దడ లేకపోవడం. వీటిలో మొదటిది అన్నిటికన్నా బలమైనది, మాటలు చాలా బలహీనం. పాములంటే వణికిపోయేవారితో ఆయన బృందం ప్రయోగాలు చేసింది. ఇతరులు పామును పట్టుకోవడం చూసినవారికి కొంత ధైర్యం వచ్చింది. సాయంతో మెల్లమెల్లగా తామే పట్టుకున్నవారికి అంతకన్నా ఎక్కువ వచ్చింది. మాటల్లో కూడా తేడాలున్నాయి. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, పాడేముందు, ప్రసంగించేముందు గుండె దడను అణచమని చెప్పుకున్నవారికన్నా “నాకు హుషారుగా ఉంది” అని చెప్పుకున్నవారు బాగా చేశారు. కాబట్టి “నాకు భయం లేదు” అని ఒంటికి అబద్ధం చెప్పడం ఎందుకు? దడ ఉందని ఒప్పుకుని దానికి ఇంకో పేరు పెట్టవచ్చు.

టీచరమ్మతో నాలుగు ఆదివారాలు ఊరి బయట ఒక లేఅవుట్‌లో, ప్లాట్ల మధ్య వేసిన ఖాళీ రోడ్ల మీద సాధన జరిగింది. ఎల్ బోర్డు, హెల్మెట్, బూట్లు. నేను అరిచిన మాటలు మూడే: “మోచేతులు వదులు”, “దూరం చూడండి”, “ఊపిరి వదలండి”. మోచేతులు వదులుగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం దొరికింది. నడుపుతూనే మోచేతులను కోడిరెక్కల్లా రెండుసార్లు ఆడించమన్నాను. బిగిసిన చేతులతో అది కుదరదు. మొదటి వారం ఆమెకు కుదరలేదు. రెండో వారం గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంలో రెక్కలాడించారు, బండి గీత గీసినట్లు తిన్నగా వెళ్లింది.

మూడో వారం మళ్లీ ఊగడం మొదలైంది. నాకు అర్థం కాలేదు. తిన్నగా వెళ్లినామె వారంలోనే ఎలా మరిచిపోతారు? ఆ రోజు నేర్పడానికి భర్త వెనక కూర్చున్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. ఆయన రెండు చేతులతో ఆమె భుజాలను గట్టిగా అదిమి పట్టుకున్నారు. ఆయన భయం ఆమె చేతుల మీదుగా హ్యాండిల్‌కు చేరుతోంది. దించి, వెనక ఉన్న కమ్మీ పట్టుకోమన్నాను.

“నాకేం భయం లేదు సార్” అన్నారాయన, కమ్మీ పట్టుకుంటూ. ఆయన వేళ్ల కణుపులు తెల్లగా ఉన్నాయి. బండి మాత్రం తిన్నగా వెళ్లింది.