లెక్క తప్పలేదు, ఆలస్యమైంది

బరంపురంలో మాకు పట్టుచీరల కొట్టు ఉంది. నాన్న పోయినప్పటి నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మా అప్పే. (మా వైపు అక్కని అప్ప అంటాం. 1936లో ఒడిశా గీత గీసినప్పుడు ఇటువైపు పడిపోయాం గానీ, ఇంట్లో వరసలు మాత్రం శ్రీకాకుళం వాళ్ళవే.) మూడు చీరలు, ఒకదాని మీద తగ్గింపు, పైన పాత బాకీ అంటే చాలు, కాగితం కలం లేకుండా మొత్తం నోటితో చెప్పేసేది. గుమాస్తా కుర్రాడు కేలిక్యులేటర్ మీద ఇంకా నొక్కుతూనే ఉండేవాడు.

ఒకరోజు సాయంత్రం కొట్లో రద్దీగా ఉంది. బేరమాడుతున్నాయన ఒడియాలో "అఢెయి హజార" అన్నాడు. అఢెయి అంటే రెండున్నర. అదే నిమిషంలో ఫోన్ మోగింది, అవతల నేతగాడు తెలుగులో ఎన్ని చీరలు పంపమంటారని అడుగుతున్నాడు. కుర్రాడొచ్చి టీలు ఎన్ని చెప్పనని నిలబడ్డాడు. అప్ప చేతిలో ఐదొందల నోట్లున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది. ఏడెనిమిది సెకన్లు అయ్యుంటుంది. తర్వాత, "మళ్ళీ చెప్పు నాయనా" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను గబుక్కున అందుకుని చెప్పేశాను.

ఆ రాత్రి ఇంట్లో తలో మాటా అనుకున్నాం. వయసు అన్నారొకరు. ధ్యాస ఇక్కడ లేదన్నారు ఇంకొకరు. నిజానికి అప్పకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉందని అంతకు నాలుగేళ్ళ ముందే తెలుసు. మొదట ఎడమ కన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. కళ్ళజోడు మార్చుకోమన్నారు. కొన్ని వారాలకి చూపు దానంతటదే తిరిగొచ్చింది. మరుసటి ఏడు నడుము కింద తిమ్మిరెక్కింది. అప్పుడు రైలెక్కి విశాఖ వెళ్ళి ఎమ్మారై తీయిస్తే మెదడులో తెల్ల మచ్చలు కనబడ్డాయి. అయితే అది కళ్ళ జబ్బనీ, కాళ్ళ జబ్బనీ అనుకున్నామే తప్ప లెక్కల జోలికీ వస్తుందని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. నాడీకణం బొమ్మ బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో! కణం నుంచి పొడుగాటి తీగ, ఆ తీగ చుట్టూ మైలిన్ తొడుగు. బొమ్మ గీసి, పేర్లు పెట్టి, పరీక్షలో ఐదు మార్కులని చెప్పి చేయి దులుపుకునేవాణ్ణి. ఆ తొడుగు ఊడితే మనిషి ఎలా ఉంటుందో ఇంట్లో చూశాకే తెలిసింది.

మా కొట్టు భాషలో చెప్పాలంటే అది జరీ పోగులాంటిది. అసలు జరీలో లోపల దారం ఉంటుంది, దాని చుట్టూ పల్చటి వెండి రేకు చుట్టి ఉంటుంది. మెదడులో ఆ రేకు చుట్టే పని ఆలిగోడెండ్రోసైట్ అనే కణాలది. ఒక్కో కణం పదుల కొద్దీ తీగలకు కొవ్వుతో కూడిన పొరలు చుడుతుంది. మధ్యమధ్యలో చిన్న ఖాళీలు వదులుతుంది, సంకేతం ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుకుంటూ పోతుంది. తొడుగే లేని సన్నని నరాల్లో సంకేతం వేగం సెకనుకి రెండు మీటర్లు మించదు. మందపాటి తొడుగున్న నరాల్లో అది వంద మీటర్లు దాటుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ఈ తొడుగు మీద దాడి చేస్తాయి. రేకు ఊడినచోట సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కాలం గడిచేకొద్దీ లోపలి దారమూ తెగుతుంది.

ఆలోచనంటే మెదడులో ఏదో ఒక మూల జరిగే పని కాదు. అఢెయి హజార అన్న మాట చెవిన పడాలి, రెండున్నరగా మారాలి, వేలల్లోకి వెళ్ళాలి, అడిగిన ధరతో పోల్చాలి, ఈలోగా మోగే ఫోన్‌ని పక్కన పెట్టాలి. ఇవన్నీ దూరదూరంగా ఉన్న భాగాలు. వాటిని కలిపే దారుల్లో అక్కడక్కడా మచ్చలు పడితే ఏ ఒక్క విద్యా పూర్తిగా పోదు, అన్నీ కాస్తకాస్త ఆలస్యమవుతాయి. పైగా మచ్చలు ఈ తొడుగు తీగలుండే తెల్ల పదార్థంలోనే ఆగవు. మెదడు పైపొరలోనూ పడతాయి. మెదడు నడిమధ్యన జంక్షన్ స్టేషన్‌లా ఉండే థాలమస్ మెల్లగా కుంచించుకుపోతుంది. ఆలోచన తగ్గడానికీ థాలమస్ తగ్గడానికీ గట్టి సంబంధం ఉందని ఎమ్మారై పరిశోధనలు పదేపదే చూపించాయి.

ఇది కొత్త సంగతీ కాదు. 1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో ఈ జబ్బుని విడిగా గుర్తించి వర్ణించాడు. రోగుల జ్ఞాపకశక్తి మందగిస్తుందనీ, ఆలోచనలు నిదానంగా రూపుకడతాయనీ అప్పట్లోనే రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ మాట మరుగున పడింది. నడక కంటికి కనిపిస్తుంది, ఆలోచన కనిపించదు మరి. ఇప్పుడైతే ఈ జబ్బున్నవాళ్ళలో 40 నుంచి 65 శాతం మందికి ఎంతో కొంత ఆలోచన మీద ప్రభావం ఉంటుందని తేలింది. చాలామందికి అది స్వల్పమే. మతిమరుపు జబ్బుతో ముసలివాళ్ళు ఇంట్లోవాళ్ళనే పోల్చుకోలేరు చూడండి, అలా కావడం దీనిలో అరుదు.

అన్నిటికన్నా ముందు దెబ్బతినేది వేగం. దాన్ని కొలిచే పరీక్ష ఒకటి చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కాగితం పైన తొమ్మిది గుర్తులు, ఒక్కో గుర్తు కింద ఒక అంకె. కింద వరసల్లో గుర్తులే ఉంటాయి. పైన చూసి ఏ గుర్తుకి ఏ అంకో చెప్పుకుంటూ పోవాలి. టైము 90 సెకన్లు. అప్ప మొదటిసారి చేసినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఒక్క తప్పు పోలేదు. వెళ్ళిన దూరమే తక్కువ, అంత చదువూ వయసూ ఉన్నవాళ్ళు ఎక్కడిదాకా వెళతారో అందులో సగం దాటి కొంచెం. "తప్పులున్నాయా?" అని అడిగింది. లేవన్నారు. "మరేటయింది?" అంది.

ఆ ప్రశ్నలో చాలా ఉంది. టైము ఇస్తే సమాధానం వస్తోంది. కొట్లో టైము ఇచ్చేవాడెవడు?

మా ఊళ్ళో దీనికి ఇంకో మెలిక ఉంది, ఇది నా సొంత గమనిక. అప్ప చదివింది ఒడియా బడిలో, ఎక్కాలు నేర్చుకుంది అమ్మ దగ్గర తెలుగులో. తెలుగులో ఇరవై ఐదు అంటే ఇరవై, ఐదు అని రెండు ముక్కలు కనిపిస్తాయి (పాతిక ఉందిలెండి, అది వేరే సంగతి). ఒడియాలో పచిశి అని ఒకే ముద్ద. వినడం ఒడియాలో, కూడడం తెలుగులో, చెప్పడం మళ్ళీ ఒడియాలో. బరంపురంలో వేలమంది రోజంతా ఇదే పని చేస్తారు, చేస్తున్నామని కూడా తెలియదు. వేగం తగ్గినప్పుడే ఆ మధ్యలో ఉన్న మెట్టు కాలికి తగులుతుంది. అందుకే ఇలాంటి ఊళ్ళలో పదాల జాబితా చదివి ఒప్పచెప్పమనే పరీక్షలు ఏ భాషలో పెట్టాలన్నది ముందే ఆలోచించాలి. గుర్తులూ అంకెల పరీక్షకి ఆ ఇబ్బంది తక్కువ.

జ్ఞాపకం సంగతి కాస్త వేరు. కొట్లో సామాను ఎక్కడ పెట్టానో గుర్తు లేదని అప్ప అంటే, మనసులో ఉంది గానీ పైకి రావట్లేదని నేననుకునేవాణ్ణి. పరిశోధనలు చెప్పేది వేరు. చాలామందిలో అసలు ఇబ్బంది సమాచారం లోపలికి వెళ్ళేటప్పుడే వస్తుంది. వేగంగా చెబితే సగమే లోపలికి వెళుతుంది. రెండు మూడుసార్లు నిదానంగా చెప్పి, ఒకసారి లోపల కుదురుకున్నాక దాన్ని మామూలువాళ్ళలాగే చాలావరకు నిలుపుకుంటారు. అమెరికాలో న్యూజెర్సీలోని కెస్లర్ ఫౌండేషన్ పరిశోధకులు దీన్ని పట్టుకునే ఒక శిక్షణ తయారుచేశారు. గుర్తుంచుకోవాల్సిన వాటిని బొమ్మలుగా ఊహించుకోవడం, వాటిని ఒక కథగా అల్లుకోవడం, మొత్తం పది తరగతులు. 2013లో వచ్చిన ఫలితాల్లో ఆ శిక్షణ తీసుకున్నవాళ్ళు కొత్త సంగతులు బాగా నేర్చుకోగలిగారు. అది చదివి అప్పకి చెబితే నవ్వింది. "అమ్మ ఎక్కాలు అలాగే కదరా నేర్పింది" అంది. అది నిజమో కాదో నాకు గుర్తు లేదు.

ఎండాకాలం గురించి చెప్పకపోతే మా ఊరి మాట చెప్పినట్టే కాదు. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, శరీరానికి శ్రమ కలిగినప్పుడు ఈ రోగులకి చూపు తాత్కాలికంగా మందగించడం గమనించాడు. అసలు కారణం వేడి అని తర్వాత తెలిసింది. తొడుగు ఊడిన నరంలో సంకేతం ఎలాగో నెట్టుకొస్తుంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, అది కూడా ఆగిపోవచ్చు. ఎమ్మారై రాని రోజుల్లో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూపు తగ్గుతుందేమో చూసి జబ్బుని పట్టుకునేవారు. మా ఊళ్ళో తొట్టి అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పగాలికి ఒళ్ళంతా జిడ్డు, చెమట ఆరదు, పైగా కరెంటు కోత. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర వచ్చేది సరిగ్గా ఆ వేడిలోనే. వీధుల్లో జనం, డప్పులు, మైకులు. ఒకప్పుడు జాతరంటే ప్రాణం పెట్టే అప్ప, ఈమధ్య మేడ మీద నుంచే దణ్ణం పెట్టుకుంటోంది. గొప్పలుపోతోందన్నారు చుట్టాలు.

వేడి వల్ల కొత్త దెబ్బేమీ తగలదు. ఒళ్ళు చల్లబడితే సంకేతం మళ్ళీ కదులుతుంది. మధ్యాహ్నం మూడింటికి తడుముకున్న అదే లెక్క, చన్నీళ్ళ స్నానం చేసి సాయంత్రం కూర్చుంటే చకచకా తెమిలిపోయింది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి వచ్చినా ఇలాగే జరుగుతుంది. ఉన్నట్టుండి మతి మందగించినట్టు కనిపిస్తే ముందు జ్వరం చూడాలి.

ఇక ఇది పూర్తిగా మచ్చల పనే అనుకోవడమూ పొరపాటే. ఈ జబ్బుతో వచ్చే నీరసం మామూలు అలసటలాంటిది కాదు, పడుకుని లేచినా పోదు. దిగులు కూడా చాలామందిని పట్టుకుంటుంది. నిద్ర చెడుతుంది. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే కొన్ని మందులు కూడా ఆలోచనని మందగింపజేస్తాయి. వీటిలో కొన్నిటిని సరిచేయవచ్చు గనక, డాక్టరుని అడగాల్సినవి ముందు ఇవే. అన్నట్టు, నా బుర్ర పనిచేయడం లేదని రోగి చెప్పే తీవ్రత చాలాసార్లు పరీక్ష మార్కులకన్నా దిగులుతో ఎక్కువ కలుస్తుంది. ఇంట్లోవాళ్ళు గమనించి చెప్పింది పరీక్షకి కాస్త దగ్గరగా ఉంటుంది. అందుకే డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళడం మంచిది.

ఆలోచనలో వేగాన్ని తిరిగి తెచ్చే మాత్ర ఇప్పటిదాకా ఏదీ ఆమోదం పొందలేదు. జ్ఞాపకశక్తి పెంచుతామని పత్రికల్లో వచ్చే ప్రకటనలకి నేను డబ్బు పెట్టను, పెట్టమనీ చెప్పను. కొత్త దాడుల్ని తగ్గించే మందులున్నాయి. అవి క్రమం తప్పకుండా వాడటం, నడక, వ్యాయామం, పైన చెప్పిన శిక్షణలు, ఇవే చేతిలో ఉన్నవి. అసలు ఈ జబ్బు ఎందుకు వస్తుందన్నది పూర్తిగా తేలలేదు గానీ, 2022లో కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డుల్ని పరిశీలించిన అధ్యయనంలో, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకాక ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగిందని తేలింది. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే. అందులో కొద్దిమందికే ఇలా ఎందుకవుతుందన్నది ఇంకా వెతుకుతున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. సర్టిఫికెట్ కోసం అప్పని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. నడిచి చూపించమన్నారు. నడిచింది. పేరు, ఊరు అడిగారు. చెప్పింది. బాగానే ఉంది కదా అన్నారు. ఒకేసారి ఇద్దరు రెండు భాషల్లో మాట్లాడి చూడండి అందామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కొట్లో మాత్రం కొన్ని మార్చాం. ఫోను ఇప్పుడు కుర్రాడి దగ్గరే ఉంటుంది. బేరానికి ఒకరే కూర్చుంటారు, మిగతావాళ్ళకి చీరలు చూపిస్తూ ఉంటాం. ధర కుదరగానే గుమాస్తా చీటీ మీద అంకె వేసి అప్ప ముందు పెడతాడు. పెద్ద పద్దులన్నీ పొద్దున్నే, ఎండ ఎక్కకముందే. అన్నిటికన్నా కష్టమైంది నా వంతుకి వచ్చింది. అప్ప ఆగినప్పుడు మాట అందించకూడదు. సాయం చేస్తున్నాననుకుని నేను అందించే ప్రతి మాటా ఆమె అప్పటిదాకా పేర్చుకున్నదాన్ని చెదరగొట్టి మళ్ళీ మొదటికి తెచ్చేది. ఈ సంగతి తనే చెప్పింది, కాస్త కోపంగానే.

మొన్న గురువారం పాత ఖాతాదారు ఒకాయన వచ్చాడు. ఎర్ర అంచు చీర తీసి, బేరం చేసి, చివరికి అదే మాట అన్నాడు, అఢెయి హజార అని. అప్ప ఆగింది. ఆయన నా వైపు చూశాడు. నేను ఒక చీర మడత విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టాను. ఫ్యాను తిరుగుతోంది. "రెండువేల ఐదొందలకి సరే" అంది అప్ప, తెలుగులోనే. "పోయిన దసరాకి మీ కోడలు పట్టుకెళ్ళిన జాకెట్ ముక్క బాకీ మూడొందల నలభై. రెండువేల ఎనిమిదొందల నలభై ఇవ్వండి."

నేను ఖాతా పుస్తకం తిరగేశాను. ఉంది.