అడవి దొంగ దొరైన వైనం

భుజాన దుప్పిని వేసుకుని, రాజు తమ్ముడు ప్రిన్స్ జాన్ విందులోకి నేరుగా నడిచొచ్చే నటుడు ఎరాల్ ఫ్లిన్. వార్నర్ బ్రదర్స్ 1938 మే నెలలో విడుదల చేసిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ చూసినవాళ్లకు ఇంగ్లండ్ జానపద గాథల్లోని అడవి దొంగ రాబిన్ హుడ్ అంటే అతనే. ఆ సినిమాలో రాబిన్, ఇంగ్లండ్‌లో ముందునుంచీ ఉన్న సాక్సన్ జాతి దొర. చెరలో ఉన్న రిచర్డ్ రాజు తరఫున, ఆ దేశాన్ని గెలిచి, పన్నులతో జనాన్ని పీల్చే నార్మన్లపై తిరగబడతాడు.

పాత గాథల్లో ఈ దొర కనిపించడు. 1370ల నాటి ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యంలో ఒక సోమరి మతాచార్యుడు తనకు ప్రార్థన సరిగ్గా రాదనీ, రాబిన్ హుడ్ పాటలు మాత్రం వచ్చనీ ఒప్పుకుంటాడు. అంటే అప్పటికే అవి జనం నోళ్లలో నానుతున్నాయి. ఆ పాటల్లో రాబిన్ ‘యోమన్’. ప్రభువూ కాదు, పాలేరూ కాదు. సినిమాలో రాబిన్ ఉండే షెర్‌వుడ్ అడవి కన్నా యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్ అడవి పేరే ముఖ్యమైన పెద్ద గాథ ఒకటుంది. అందులో రాజు ఎడ్వర్డ్. రాబిన్ ప్రేయసి మారియన్ ఊసే లేదు.

రిచర్డ్ కాలానికి రాబిన్‌ను చేర్చింది 1521లో స్కాట్లండ్ చరిత్రకారుడు జాన్ మేజర్. 1598లో ఆంథొనీ మండే నాటకాలు అతనికి హంటింగ్డన్ ఎర్ల్ అనే పెద్ద ప్రభువు హోదా ఇచ్చాయి. సాక్సన్-నార్మన్ వైరం వాల్టర్ స్కాట్ ‘ఐవన్‌హో’ నవల వచ్చాక స్థిరపడింది. సామాన్యుడి ఎదిరింపును దొరల మధ్య తగాదాగా మార్చేసిన ఈ వరస నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయినా సినిమాలో ఒక ఘట్టం ఆ పాత రాబిన్‌ను తిరిగి చూపిస్తుంది: అడవిలో తలదాచుకున్న నిరుపేదలను మారియన్‌కు చూపించే చోటు. ఆమె మనసు మారేది అక్కడే.

రాబిన్ వేషం మొదట నటుడు జేమ్స్ కాగ్నీకి అనుకున్నదే. ఆయన వార్నర్ సంస్థతో గొడవపడి వెళ్లిపోయారు. సుమారు 20 లక్షల డాలర్లు పోసి, టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో తీశారు. షెర్‌వుడ్‌గా కనిపించేది కాలిఫోర్నియాలోని చికో పట్నంలో ఉన్న బిడ్‌వెల్ పార్కు.

సంగీతం కోసం ఆస్ట్రియా రాజధాని వియన్నా నుంచి స్వరకర్త ఎరిక్ వుల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్‌ను అమెరికాకు పిలిపించారు. ఆయన యూదు. సినిమా చూసి, ఇంత పోరాటాల కథ తన వల్ల కాదన్నారు. తర్వాత ఒప్పుకుని పనిలో ఉండగానే, మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాయి. వియన్నాలో ఆయన ఆస్తిని నాజీలు లాక్కున్నారు. ఆ బాణీలకు ఆయనకు ఆస్కార్ వచ్చింది. రాబిన్ హుడ్ తన ప్రాణం కాపాడాడని ఆయన తర్వాత చెప్పుకున్నారు.